మూడో అభ్యర్థి

తలుపు తెరుచుకోక ముందే దగ్గు వినిపించింది. గదిలో అడుగు పెట్టబోయే ముందు గొంతు సవరించుకోవడం ఆయనకు అలవాటు, లోపల ఆడవాళ్ళు ఏ పనిలో ఉన్నారో ఏమోనని. అప్పట్లో మా ఇంట్లో ఉండేది ముగ్గురం ఆడవాళ్ళమే మరి, అమ్మ, అక్క, నేను. ఆ దగ్గు వినగానే నా చేతిలో పెన్ను ఆగిపోయింది. పదకొండు గంటలు. మూడో అభ్యర్థి. పట్టణ ప్రణాళికా మండలికి ఇంజనీరింగ్ సలహాదారుని ఎంచుకునే ఇంటర్వ్యూ ఇది. ఊరి తూర్పు వైపు పల్లపు వీధుల్లో ప్రతి వానకూ నిలిచిపోయే నీళ్ళను ఎలా బయటికి పంపాలో చెప్పి, దగ్గరుండి ఆ పని చేయించే మనిషి కావాలి మాకు. బల్లకు ఇటువైపు ముగ్గురం: మధ్యలో అధ్యక్షుడు, ఆయన కుడివైపు న్యాయ సలహాదారు, అందరూ లాయరమ్మ అనే ఆవిడ, ఎడమవైపు మండలి ఇంజనీరుగా నేను. అటువైపు ఒకటే కుర్చీ. దరఖాస్తుల కట్టలో ఆయన పేరు కనపడిన రోజు నుంచీ, తొమ్మిది రోజులుగా, ఆ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టుకుని చూస్తూనే ఉన్నాను. అదే పేరు ఇంకెంతమందికి ఉండదు అని సర్దిచెప్పుకున్నాను, పుట్టిన తేదీ చూసి ఫైలు మూసేశాను, కాసేపాగి మళ్ళీ తెరిచాను, ఫోటో అంటించాల్సిన చోట ఫోటో లేదు, అంటించడం మరిచిపోయి ఉంటాడు, ఆయన అంతే, తన సంగతి తప్ప అన్నీ గుర్తుంటాయి.

"నమస్కారమండీ" అని అధ్యక్షుడికి చెప్పాడు. లాయరమ్మకు చెప్పాడు. నా వైపు తిరిగి, ఒక్క రెప్పపాటు ఆగి, "నమస్కారం మేడమ్" అన్నాడు. మేడమ్! జడకు రిబ్బను సరిగ్గా కట్టుకోవడం చేతకాని నన్ను చూసినవాడు, నా జ్యామెట్రీ బాక్సులో చింతగింజలు ఏరి పారేసినవాడు. నవ్వొచ్చింది, దాన్ని నీళ్ళ గ్లాసు వెనక దాచుకున్నాను. జుట్టంతా నెరిసిపోయింది. చొక్కా చేతులు మాత్రం అలాగే, మోచేతికి కింద రెండు మడతలు, ఇస్త్రీ ఏ మూలకూ సరిగ్గా పడకుండా. ఇస్త్రీ ఎవరు చేస్తున్నారో. ఎవరూ చేస్తున్నట్టు లేదు. ఇరవై నాలుగేళ్ళు. నాకిప్పుడు నలభై ఆరు, అంటే ఆయనకు అరవై, లెక్క సరిపోయింది, ఆ లెక్క నేర్పింది కూడా ఆయనే.

పొద్దున్నే మేం ముగ్గురం ఒక ఫారం మీద సంతకం పెట్టాం. అభ్యర్థుల్లో మీ బంధువులెవరైనా ఉన్నారా? అధ్యక్షుడు చూడకుండానే 'లేరు' అని రాసేశాడు. లాయరమ్మ ఒకసారి చదివి 'లేరు' అంది. నేను మూడుసార్లు చదివాను. మా అక్కకు ఒకప్పుడు భర్త, కోర్టు కాగితం వచ్చాక కాదు. భర్త కాకపోతే బావ కాదు. బావ కాకపోతే మరేమిటి? మాజీ మంత్రి ఉంటాడు, మాజీ సైనికుడు ఉంటాడు, మాజీ బావ అనే మాట నేనెక్కడా వినలేదు. అక్క రెండోసారి పెళ్ళి చేసుకున్నాయన్ని 'బావగారు' అంటాను, మంచివాడు, కళ్ళజోళ్ళ దుకాణం, సాయంత్రం ఆరున్నరకు ఇంట్లో ఉంటాడు. ఆ 'గారు' తీసేయడం ఇన్నేళ్ళైనా నావల్ల కాలేదు. 'లేరు' అని రాశాను.

"చెప్పండి," అంటున్నాడు అధ్యక్షుడు, "ఇందాకటివాళ్ళు మాకు చక్కటి వీడియో చూపించారు. మీరేం తెచ్చారు?"

"ఏం తేలేదండి. నిన్నా మొన్నా మీ ఊళ్ళో తిరిగాను. అదే తెచ్చాను."

అధ్యక్షుడు నొసలు చిట్లించాడు. నాకు మాత్రం ఆ మాటతోనే మా పాత ఇంటి డాబా గుర్తొచ్చింది, దాని మీద కొత్తగా లేస్తున్న గది, తడి సిమెంటు వాసన, ఎండ. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, అక్క పెళ్ళయి ఏడాది. మేస్త్రీ రాని రోజది. ఆయన సన్నటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చి నీళ్ళు నింపాడు, లోపల నీళ్ళు కనపడే గొట్టం, బుడగ ఒక్కటి కూడా ఉండకూడదన్నాడు, ఉంటే వేలితో తట్టి తట్టి పైకి తరమాలి. ఒక కొస నా చేతికిచ్చి, ఆ చివరి గోడ దగ్గరకు పొమ్మన్నాడు, రెండో కొస తను పట్టుకుని ఈ చివర నిలబడ్డాడు. మధ్యలో ఇటుకల కుప్ప, ఒకరికొకరం కనపడం. "కదలకు!" అని అరిచాడు. "కదలట్లేదు!" అని అరిచాను. "నీళ్ళు ఆగాయా?" "ఆగాయి!" "ఎక్కడ ఆగాయో గోడ మీద గీత గియ్యి!" గీశాను. తర్వాత కొలిచి చూస్తే అటు గీత, ఇటు గీత ఒకే ఎత్తు. ఎలా వచ్చింది బావా, అంటే నువ్వే చెప్పు అన్నాడు. మూడు రోజులు చెప్పలేదు. నాలుగో రోజు బళ్ళో లెక్కల పీరియడ్ మధ్యలో నాకు తట్టింది, ఇంటికి పరిగెత్తుకొచ్చి చెప్తే, "బుల్లి మేస్త్రీ!" అన్నాడు, అంతే, అదే నా పేరైంది. నా తొమ్మిదో ఏట నాన్న పోయాడు. చుట్టాలెవరైనా బావామరదళ్ళ వేళాకోళం మొదలుపెడితే ఆయన ముఖం ముడుచుకుని లేచి వెళ్ళిపోయేవాడు. ఆయన పక్కన కూర్చుంటే నాన్న పక్కన కూర్చున్నట్టే ఉండేది, నాన్న దగ్గరున్న భయం ఒక్కటే తక్కువ. లెక్కలు, భౌతికశాస్త్రం, సైకిలు, బస్సెక్కి ఒంటరిగా వెళ్ళడం, కోపం వచ్చినప్పుడు మాట్లాడకుండా పది దాకా లెక్కపెట్టడం, అన్నీ అక్క కాపురం సాగిన ఆ తొమ్మిదేళ్ళలోనే.

తొమ్మిదేళ్ళు. శనివారం విడిచి శనివారం వచ్చేవాడు, మిగతా రోజులన్నీ ఏదో ఒక ఆనకట్ట దగ్గర, ఏదో ఒక కాలువ గట్టు మీద. శనివారాల కోసం నేను క్యాలెండరు చూసేదాన్ని, అక్క చూడ్డం మానేసింది. తప్పు అక్కది కాదు. సాయంత్రమయ్యేసరికి ఇంట్లో ఒక మనిషి ఉండాలని కోరుకోవడం తప్పెలా అవుతుంది? ఆయనదీ తప్పు కాదేమో, నదుల దగ్గర తప్ప ఆయనకు ఊపిరాడేది కాదు. ఒక్క కేక లేదు, ఒక్క గిన్నె విసరలేదు. ఒక ఆదివారం అన్నాల దగ్గర అక్క, "మేం విడిపోతున్నాం" అంది, పెరుగు వెయ్యమన్నట్టుగా. నాకప్పుడు ఇరవై రెండు, ఇంజనీరింగ్ ఆఖరి ఏడు. ఆయన పుస్తకాలు తీసుకెళ్ళడానికి ఒక మధ్యాహ్నం వచ్చాడు. ఐదు అట్టపెట్టెలు. నేను మేడ మీద కిటికీ వెనక నిలబడ్డాను, గదిలో అక్క, అమ్మ ఇద్దరూ ఉన్నారు, బట్టలు మడత పెడుతున్నారు, మడత పెట్టినవే మళ్ళీ మడత పెడుతున్నారు. కింద నుంచి కేక వినిపించింది: "బుల్లి మేస్త్రీ! వెళ్తున్నానే!" ఎప్పుడూ అలాగే కేకేసి వెళ్ళేవాడు, నేను కిటికీలోంచి చెయ్యూపేదాన్ని. ఆ రోజు అక్క ముఖం చూశాను. అక్క తలెత్తలేదు. నేను పలకలేదు. కిందున్న మనిషి కాసేపు నిలబడే ఉన్నట్టున్నాడు, బండి స్టార్టవడానికి చాలాసేపు పట్టింది.

"మేడమ్," అధ్యక్షుడు నా వైపు వంగాడు. "పంపుహౌస్ సంగతి మీరే అడగాలి."

అవును, నేనే అడగాలి. పట్టికలో నాలుగో ప్రశ్న, సాంకేతిక సభ్యులు అడగవలసినది. ఈ ప్రశ్న లాయరమ్మకు బదలాయిద్దామని రాత్రే అనుకున్నాను, నోరు రాలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే నా గొంతు ఆఫీసు గొంతులాగే వచ్చింది, ఆశ్చర్యం. "ఎనిమిదేళ్ళ క్రితం మీరు డిజైన్ చేసిన ఒక పంపుహౌస్, నీళ్ళు తోడాల్సిన రోజునే మునిగిపోయింది. చుట్టుపక్కల వీధులు మూడు రోజులు నీళ్ళలో ఉన్నాయి. కారణం చెప్తారా?" చెప్పండి, వాన మీదకు నెట్టండి, కాంట్రాక్టరు మీదకు నెట్టండి, ఇందాక వచ్చిన ఇద్దరూ వాళ్ళ వాళ్ళ తప్పులకు కాంట్రాక్టర్లనే చూపించారు, మేం తలలూపాం, మార్కులు వేశాం.

"కారణం నేనేనండి," అన్నాడు. అరచేతులు రెండూ బల్ల మీద పెట్టాడు, వేళ్ళ మీద ఎండకు కమిలిన పాత నలుపు. "ముప్ఫై ఏళ్ళ లెక్కలు చూసి పంపుహౌస్ నేల ఎంత ఎత్తుండాలో నిర్ణయించాను. అక్కడ ఒక ముసలావిడ, బాబూ, నా చిన్నప్పుడు నీళ్ళు ఇంకా పైకొచ్చాయి అంది, ఇదిగో ఇక్కడిదాకా అని కిటికీ చూపించింది. కాగితాల్లో అలా లేదమ్మా అన్నాను. మోకాలెత్తు తక్కువ కట్టాం. ఆ మోకాలెత్తే ముంచింది. తర్వాత వెళ్ళి ఆవిడకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ మంచినీళ్ళిచ్చింది."

లాయరమ్మ రాసుకోవడం ఆపింది. ఏసీ నుంచి కారే నీళ్ళు మూలనున్న ప్లాస్టిక్ బకెట్లో పడుతున్న చప్పుడు. ఇంటర్వ్యూలో ఇలా మాట్లాడేవాళ్ళకు పని దొరకదు, ఈ సంగతి ఆయనకూ తెలుసు. నాకేమో లేచి వెళ్ళి ఆ చొక్కా చేతుల మడతలు సరిచెయ్యాలనిపించింది. ఎంత మంది దగ్గర పనిచేశాను, ఎన్ని సమావేశాల్లో కూర్చున్నాను, "కారణం నేనే" అనే మాట విని ఎన్నేళ్ళయింది? నేను అని ఎన్నేళ్ళయింది? నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు కార్డు ముక్క రాశాడు, ఎవరు చెప్పారో: 'ఉద్యోగం వచ్చిందని తెలిసింది. సంతోషం. సైటుకి వెళ్ళేటప్పుడు చెప్పులు కాదు, బూట్లు వేసుకో.' నాలుగు పేజీల జవాబు రాశాను. కవరులో పెట్టాను, స్టాంపు అంటించాను. పోస్టు డబ్బా దాకా వెళ్ళి, అక్కకు తెలిస్తే, అనుకున్నాను. అక్క ముందు ఆయన ఊసెత్తకూడదని మాకెవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. ఆ కవరు ఏమైందో ఇప్పుడు గుర్తు కూడా లేదు, ఇల్లు మారినప్పుడు పోయి ఉంటుంది. బూట్లు మాత్రం కొనుక్కున్నాను, పదేళ్ళు వేసుకున్నాను, ఆ తర్వాత ఈ గదిలోకొచ్చి పడ్డాను, ఈ బల్ల దగ్గర బూట్లతో పనిలేదు.

ఆయన లేచి గోడ మీది పటం దగ్గరకు వెళ్ళాడు. మా మండలి పటం, తూర్పు వీధుల ఎత్తుపల్లాలు చూపించేది. "అనుమతిస్తే ఒక మాటండి. ఈ కాలువ వీధి దగ్గర నేల కాలువ వైపుకు వాలి ఉన్నట్టు గీశారు. నిజానికి అటు కాదు, ఇళ్ళ వైపు వాలుంది. నిన్న సాయంత్రం వీధి కుళాయి దగ్గర ఒకామె బిందె పొంగిపోతే చూశాను, నీళ్ళన్నీ గుమ్మాల వైపే పోయాయి. ఈ పటం పెట్టుకుని కాలువ కడితే, వీధి నీళ్ళు కాలువలోకి పోవు. కాలువ నీళ్ళే వీధిలోకొస్తాయి."

"ఆ సర్వే చేయించింది మా మేడమే," అన్నాడు అధ్యక్షుడు, నవ్వుతున్నట్టుగా.

గదిలో అందరూ నన్ను చూశారు, ఆయన తప్ప. ఆయన పటాన్నే చూస్తున్నాడు, దాని కింద కుడి మూలన నా సంతకాన్ని. ఇందాకే చూసి ఉంటాడు. చూసీ చెప్పాడు. చెప్పకపోతే ఆయన ఆయనే కాదు. "ఎక్కడో కొలత మొదలుపెట్టే గుర్తు మారి ఉంటుందండి," అన్నాడు నెమ్మదిగా, "ఎవరికైనా జరుగుతుంది." నాకోసం పరిచిన మెత్తటి మాట అది, దాని మీద కాలు పెట్టి దాటిపోతే సరిపోతుంది. సర్వే కంపెనీ ఇచ్చిన అంకెలు చూశాను, బాగున్నాయి, సంతకం పెట్టాను. ఆ వీధికి ఒక్కసారీ వెళ్ళలేదు. పది దాకా లెక్కపెడదామని మొదలుపెట్టాను. నాలుగు దగ్గర ఆగిపోయాను.

"మారలేదు," అన్నాను. "నేనే చూసుకోలేదు. వీధిలోకి వెళ్ళకుండా సంతకం పెట్టాను. తప్పు నాదే, రాసుకోండి." లాయరమ్మ పెన్ను తీసింది. అప్పుడు, ఇక ఆగడం నా చేతుల్లో లేనట్టు, "ఇంకొకటి కూడా రాసుకోండి. పొద్దున ఫారంలో బంధువులు లేరని రాశాను. ఈయన మా బావ."

పటం దగ్గర ఆయన వీపు కదల్లేదు.

"బావంటే?" అన్నాడు అధ్యక్షుడు.

"మా అక్క భర్త. ఒకప్పుడు. ఇరవై నాలుగేళ్ళ క్రితం విడిపోయారు."

"ఓస్, ఇంతేనా!" లాయరమ్మ తేలిగ్గా ఊపిరి తీసుకుంది. "విడాకులైపోయాక చట్ట ప్రకారం ఈయన మీకు ఏమీ కాడండి. నిక్షేపంగా మార్కులు వెయ్యొచ్చు."

"చట్టానికి కాకపోవచ్చు. నాకు అవుతాడు," అన్నాను. పెన్ను మూత పెట్టేసి, మార్కుల కాగితం అధ్యక్షుడి వైపు జరిపి లేచాను. నేను లేస్తే మిగిలేది ఇద్దరి మార్కులే, ఆ ఇద్దరిలో ఒకరు వీడియో చూసి మురిసిపోయినవారు. పంపుహౌస్ జవాబుకు విలువ కట్టగలిగింది ఆ బల్ల దగ్గర నేనొక్కదాన్నే. ఆయనకు నేను చేయగలిగిన ఒకే ఒక్క సాయం ఆ కాగితం మీద ఉంది, దాన్ని వదిలేసి, ఆయన వెనకనుంచి, ఆయన్ని చూడకుండా బయటికొచ్చేశాను. (పని ఎవరికి దక్కిందనేది సాయంత్రం సంగతి. రెండు మార్కుల తేడాతో వీడియో చూపించినవాళ్ళకే వెళ్ళింది. కాలువ వీధిని మాత్రం మళ్ళీ కొలిపించాను, నాలుగు రోజులు పక్కనే నిలబడి. ఆయన చెప్పిందే నిజం.)

వసారాలో బెంచీ ఉంది, కూర్చోలేకపోయాను. జిరాక్సు మిషను ఆగకుండా మోగుతోంది, మెట్ల దగ్గర ఎవరో నల్లా కనెక్షన్ గురించి గుమాస్తాతో గొడవపడుతున్నారు. నా వేళ్ళు వాటంతటవే అక్క నంబరు నొక్కాయి. ఎందుకు నొక్కానో తెలీదు. ఒప్పుకోవడానికేమో. ఇరవై నాలుగేళ్ళు నీ పక్షాన నిలబడ్డాను అక్కా, ఇవాళ పది నిమిషాలు తప్పాను, అని చెప్పడానికేమో.

"ఏమే, ఆఫీసు వేళప్పుడు చేశావ్? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. అక్కా... ఇవాళ ఇంటర్వ్యూకి బావ వచ్చాడు."

"ఏ బావ?" అంది. అవతల కుక్కరు కూత వినిపించింది. స్టవ్ కట్టేసిన చప్పుడు. "ఎలా ఉన్నాడు?"

"జుట్టు నెరిసిపోయింది. చొక్కా నలిగిపోయింది."

"అది ఎప్పుడూ ఉన్నదేలే. నిన్ను గుర్తుపట్టాడా? ఏమన్నాడు?"

"మేడమ్ అన్నాడు."

"మేడమా! నిన్నా?" అక్క నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. "అదేంటే, మధ్యమధ్యలో కలవట్లేదా మీరు? ఉత్తరాలూ అవీ లేవా?"

నాకు అర్థం కాలేదు. "ఎలా కలుస్తాను అక్కా? నువ్వు..."

"నేనేంటి?"

"నువ్వు బాధపడతావని."

జిరాక్సు మిషను ఒక కాగితం, ఇంకో కాగితం, ఇంకో కాగితం. "పిచ్చిమొహమా," అంది అక్క చివరికి. "నేను వద్దనుకున్నది మొగుణ్ణి. నిన్ను బావని వదులుకోమని ఎవరన్నారే? ఆ రోజు కింద నుంచి నిన్ను పిలిచాడు చూడు. నువ్వు పలకాలనే నేను తలెత్తకుండా కూర్చున్నాను. నేను చూస్తే నువ్వు మొహమాటపడతావని."

గోడకు ఆనుకున్నాను. గోడ చల్లగా ఉంది. కిటికీ వెనక మేం ముగ్గురం, ఒకరి కోసం ఒకరం కదలకుండా, మడత పెట్టిన బట్టలే మడత పెడుతూ. తలుపు తెరుచుకుంది, ఆయన బయటికొచ్చాడు, సంచి భుజానికి తగిలించుకున్నాడు, అటూ ఇటూ చూశాడు. స్తంభం చాటున ఉన్న నేను కనపడినట్టు లేదు. మెట్ల వైపు నడిచాడు.

"ఉన్నాడా అక్కడే?" అంటోంది అక్క చెవిలో.

"వెళ్ళిపోతున్నాడు."

"మరి నాతో ఏం మాట్లాడుతున్నావే, పెట్టెయ్!" అని తనే పెట్టేసింది.

"బావా," అన్నాను. జిరాక్సు మిషను మింగేసింది. ఆయన అప్పటికే మూడు మెట్లు దిగాడు, నల్లా గొడవ మనిషి పక్కకు తప్పుకుని దారిచ్చాడు. నేను మండలి ఇంజనీరుని, ఈ వసారాలో నేను గట్టిగా మాట్లాడటం కూడా ఎవరూ వినలేదు, "బావా! ఆగు!" అని అరిచాను, బల్లల మీంచి తలలన్నీ లేచాయి, గుమాస్తా నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు, మెట్ల మలుపులో ఆ నెరిసిన తల ఆగింది, వెంటనే వెనక్కు తిరగలేదు, ముందు కమ్మీని గట్టిగా పట్టుకుంది ఆయన చెయ్యి.